నల్ల కుందేలు నెత్తురు

సుంకమ్మ నేరం ఒప్పుకున్న తీరే ఆరీఫాకు నచ్చలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే వాళ్లను ఆమె తన డిటెక్టివ్ పనిలో బోలెడంత మందిని చూసింది. తడుముకున్నది ఎవరైనా చూశారని తెలిస్తే చాలు, వాళ్లు పక్కవాడి వైపు వేలు చూపిస్తారు. సుంకమ్మ అలా కాదు. ఎవరూ అడక్కముందే "నేనే సంపినా" అంటుంది. కాదేమో అన్నవాళ్ల మీద కోప్పడుతుంది. ఎత్తిన బరువు దించుకోమంటే దించుకోని మనిషి వెనక, ఆ బరువు నెత్తికెత్తినవాడు ఒకడు ఉంటాడని ఆరీఫాకు గట్టి అనుమానం.

గుమ్మఘట్టకు ఆవల బీడులో కుందేళ్ల ఫారం నడిపే గోవిందప్ప గత శనివారం మధ్యాహ్నం కుందేలు కూరతో రొట్టె తిన్నాడు. పొద్దు వాలేసరికి నోరు పిడచగట్టి, మొహం కందిపోయి, గాలిలో లేని చీమలను ఏరుతూ కూర్చున్నాడు. రాయదుర్గం చేరకముందే గుండె ఆగిపోయింది. కంటిపాపలు కన్నంతా విచ్చుకుని ఉన్నాయి. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఉమ్మెత్త విషం.

ఫారంలో కుందేళ్లకు మేత వేసేదీ, గోవిందప్పకు వండిపెట్టేదీ సుంకమ్మే. వానల్లేక గడ్డి ఎండిపోతే, బోరు తొట్టి పక్కన పచ్చగా మిగిలిన ఉమ్మెత్తాకు కోసి కుందేళ్లకు వేసింది. అవి తిన్నాయి, బతికాయి. జీవాలు తిని బతికిన ఆకు మనిషికి చెడుపు చేయదని గొర్రెల కాపరుల ఇంట పుట్టిన సుంకమ్మ నమ్మకం. అలా మేసిన కుందేళ్లలో ఒకదాన్ని కోసి వండింది. ఆకు విషం మాంసంలో చేరి మనిషిని చంపిందని సీఐ హనుమంతరాయుడు తేల్చాడు, సుంకమ్మ అవునంది. ఐదు రోజులుగా పొద్దున స్టేషన్‌కు పిలిచి రాత్రికి పంపిస్తున్న ఆమెను ఈ సాయంత్రం రిమాండుకు పంపబోతున్నారు.

తల్లి లేని తనకు జడ వేసి బడికి పంపిన సుంకమ్మ జైలుకు పోవడం గోవిందప్ప కూతురు హేమావతికి మింగుడుపడలేదు. ఆమె రాయదుర్గంలో జీన్సు కుట్టే చోట సూపర్‌వైజరు. ఆరీఫాను పిలిపించి, "మా నాయన పాయ. ఈమె గూడా పోతే నాకు ఇంగెవరూ లేరు మేడమ్" అని మొదలుపెట్టి ఇంటి సంగతులన్నీ చెప్పింది.

గురువారం పొద్దున ఆరీఫా ఫారం చేరేసరికి సీఐ అప్పటికే సుంకమ్మను పంచనామాకు తీసుకొచ్చి ఉన్నాడు. షెడ్డు ముందు నులకమంచం మీద గోవిందప్ప తమ్ముడు రామప్ప కూర్చున్నాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో టిఫిన్ క్యారియరు. కండ్లకలక వచ్చిందని, దగ్గరికి రావద్దని ముందే హెచ్చరించాడు. సీఐకి అతనంటే గౌరవం. సొంత అన్న చావుకు కారణమైన మనిషికి రోజూ అన్నం మోసుకొచ్చేవాడు ఈ కాలంలో ఎక్కడున్నాడని ఆరీఫాతో పొగిడాడు. ఆ అన్నం సుంకమ్మ ఒక్క పూటా ముట్టలేదు. ఐదు రోజులుగా నీళ్లతోనే ఉంది.

"ఈ పొద్దన్నా తిను సుంకమ్మా. లోపలికి పోతే ఇంటికూడు దొరకదు" అన్నాడు రామప్ప మెత్తగా. "రొట్టె, పొడి తెచ్చినా."

సుంకమ్మ మొహం తిప్పుకుని ఏడ్చింది. ఆరీఫాకు ఆమెను చూస్తే జాలేసింది. జాలి పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

శనివారం గోవిందప్ప ఏమేం తిన్నాడు? జొన్నరొట్టె, కుందేలు కూర, చెనిక్కాయల పొడి. వేరుశనగలూ ఎండుమిరపకాయలూ కలిపి దంచిన ఆ పొడి రామప్ప ఇంటి నుంచి ఒక పూటకు సరిపడా తెచ్చిచ్చాడు. ఇంకెవరు తిన్నారు? ఎవరూ లేరు. రామప్ప కడుపు బాగోలేదని మజ్జిగ తాగి లేచాడు, సుంకమ్మ శనివారం నీచు ముట్టదు. కూర గిన్నె? తిన్న వెంటనే కడిగింది, రోజూ కడిగినట్టే. సీఐ ఇక్కడ గొంతు సవరించుకున్నాడు. గిన్నె కడగడం ఆయన దృష్టిలో పెద్ద సాక్ష్యం.

"ఏ కుందేలును కోసినావు?"

"నల్లదాన్నమ్మా. ఈనిన తల్లి. బాగా బలిసిందని రామప్పన్న చూపిచ్చినాడు."

నల్లతోలు షెడ్డు గోడకు మేకులు కొట్టి ఆరబెట్టి ఉంది. ఆరీఫా దాన్ని తడిమి చూసింది. తెల్లవీ నల్లవీ కలిపి బోనుల్లో ఇంకా పాతిక దాకా మిగిలాయి. నల్ల ఆడవి నిగనిగలాడుతున్నాయి. తెల్ల మగవి రెండు మూలకు నక్కి వెలుతురు పడితే మొహం దాచుకుంటున్నాయి. అన్నిటి మేతా ఒకటే.

ఉమ్మెత్త వేయమని ఎవరు చెప్పారని ఆరీఫా అడిగింది. సుంకమ్మ తలవంచుకుంది. జవాబు మంచం మీద నుంచి వచ్చింది.

"నేనే చెప్పినా మేడమ్. కుందేళ్లకు ఉమ్మెత్త ఏమీ చేయదని ఎప్పుడో పుస్తకంలో సదివినా. మాంసంలోకి దిగుతాదని నాకేం తెలుసు? మా అన్న పాపంలో నాకూ పాలుండాది."

తిలాపాపం తలా పిడికెడు. రామప్ప పిడికెడు తీసుకున్నాడు, మిగిలిన గంపెడూ సుంకమ్మ నెత్తిన ఉంచాడు. ఎంత ఒద్దికగా ఉంచాడంటే సీఐ కళ్లు చెమర్చాయి.

"విన్నావు గదా ఆరీఫా? అందరూ ఒప్పుకున్న కేసులో నువ్వేం తవ్వుతాండావు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద ఇంగా నోరు తెరవలేదు సార్" అంది ఆరీఫా. సుంకమ్మ వైపు తిరిగింది. "ఉమ్మెత్త తిని ఈ ఫారంలో ఒక్క కుందేలు గూడా సావలేదా?"

చంపానని గుక్క తిప్పుకోకుండా ఒప్పుకున్న మనిషి ఈ ప్రశ్నకు తడబడింది. ఆమె చూపు షెడ్డు వెనక తుమ్మచెట్టు వైపు పోయి వచ్చింది. ఆరీఫా అటు నడిచింది. చెట్టు కింద కొత్తగా కదిలిన మన్ను ఉంది. కానిస్టేబుల్ చేత తవ్విస్తే చిన్న చిన్న కుందేలు పిల్లలు బయటపడ్డాయి. చిరిగిన చీర ముక్కలో చుట్టి, పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి.

సుంకమ్మ కుప్పకూలింది. అప్పుడే మేత నేర్చిన పిల్లలని, రెండు ఆకులు కొరికి ఎగిరెగిరి పడి చచ్చాయని, పెద్దాయనకు చెబితే పనిలో నుంచి తీసేస్తాడని దాచిపెట్టానని ఏడుస్తూ చెప్పింది. అవి చచ్చిన రోజే తనకు తెలివి వచ్చి ఉంటే పెద్దాయన బతికేవాడంది. ఆరీఫాకు తన మీద తనకే అసహ్యం వేసింది. కేసు కోసమే అయినా, ఒక మనిషి అంత జాగ్రత్తగా పూడ్చుకున్నదాన్ని ఆమె కళ్లముందే తవ్వించింది.

అయితే ఆధారం ఆధారమే. పిల్లలు చచ్చాయి, తల్లులు బతికాయి. ఆరీఫా మండలం పశువుల డాక్టరు సువార్తకు ఫోన్ చేసి రమ్మంది.

సువార్త మోటారు సైకిలు దిగి పిల్లలను, బోనుల్లోని పెద్దవాటిని చూసింది. ఆమె చెప్పింది సారాంశంగా ఇది. ఉమ్మెత్త విషాన్ని రక్తంలోనే తుంచి పారేసే ఎంజైము ఒకటి కొన్ని కుందేళ్లకు ఉంటుంది. దాన్ని ఎలా తయారు చేసుకోవాలో వాటి జన్యువులో రాసి ఉంటుంది. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఆ జన్యువు రాని కుందేలు ఆకు తింటే కొంతవరకు తట్టుకుంటుంది, అంతే. విషం ఒంట్లోనే తిరుగుతుంది. జన్యువు వచ్చిన కుందేలులో విషం మిగలదు.

"మరి ఆ పిల్లలకు రాలేదా?" అడిగాడు సీఐ.

"వచ్చే ఉంటాది సార్. బోరులో మోటారు దించితే సరిపోతాదా? స్టార్టరు నొక్కాల గదా. జన్యువు మోటారు మాదిరి. దానికి ముందర స్టార్టరు లాంటి భాగం ఇంగొకటి ఉంటాది. ఎప్పుడు ఆన్ కావాల, ఎంత జోరుగా తిరగాల అనేది అదే చూసుకుంటాది. నెల నిండేదాకా అది ఆన్ కాదు. ఆడవాటిలో జోరు ఎక్కువ, మగవాటిలో తక్కువ. ఈ పిల్లలు మోటారు తిరగకముందే ఆకు కొరికినాయి."

ఆరీఫా గోడ మీది నల్లతోలు వైపు చూసింది. ఈనిన తల్లి, ఆడది, వారాల తరబడి అదే ఆకు మేసి బలిసింది. రంగును బట్టి ఏమైనా చెప్పవచ్చా అని అడిగింది. నలుపు రంగు జన్యువూ, ఈ జన్యువూ ఇరుగుపొరుగు ఇళ్లలాంటివని, తరచూ కలిసే పిల్లలకు సంక్రమిస్తాయని, అయినా రంగు ఆచూకీ చెప్తుందే తప్ప సాక్ష్యం చెప్పదని సువార్త అంది. ఖాయంగా తెలియాలంటే ఆ కుందేలు నెత్తురే కావాలి.

సీఐ నవ్వాడు. "కూరై కడుపులోకి పోయినదాని నెత్తురు యాడ తెస్తావమ్మా?"

"ఉండాది" అంది సుంకమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

కుందేలు నెత్తురు కొబ్బరినూనెలో కాచి రాస్తే జుట్టు ఒత్తుగా పెరుగుతుందని ఈ పక్క ఆడవాళ్లకు ఒక నమ్మకం. హేమావతికి జుట్టు రాలుతోందని తెలిసి, కోసిన రోజున సుంకమ్మ నెత్తురు సీసాలో పట్టి, టీకా మందుల ఫ్రిజ్‌లో దాచింది. నూనె కాచేలోపే చావు వచ్చిపడింది. ఆరీఫా ఫ్రిజ్ తెరిచింది. మందు సీసాల వెనక ఆ సీసా అలాగే ఉంది. గడ్డకట్టిన నెత్తురు అడుగుకు చేరి, పైన పసుపుపచ్చని తేట నిలిచింది. రామప్ప మంచం మీద కాస్త ముందుకు వంగాడు.

సువార్త ఉమ్మెత్తాకు నలిపి, రసం వడగట్టి రెండు పాళ్లు చేసింది. ఒకదానిలో మరిగించి చల్లార్చిన నీళ్లు కలిపింది. రెండోదానిలో నెత్తురు తేట కలిపింది. రెంటినీ గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టింది. కళ్ల డాక్టర్లు కంటిపాప విచ్చుకోవడానికి వేసే చుక్కల మందు ఈ విషం జాతిదేనని, విషం మిగిలి ఉంటే కంట్లో ఒక్క చుక్క వేసినా పాప పెద్దదవుతుందని వివరించి, పిల్లి ఏదైనా దొరుకుతుందా అని చుట్టూ చూసింది.

"పిల్లి కన్ను సీఐ గారు నమ్మరు" అంటూ ఆరీఫా మంచం కోడుకు ఆనుకుని తల వెనక్కు వాల్చింది.

సువార్త వద్దని తిట్టింది, కానిస్టేబుల్ వారించాడు. సీఐ రిమాండు రిపోర్టుకు ఆలస్యమవుతోందని విసుక్కుంటూనే ఉండిపోయాడు. చివరికి ఆరీఫా మాటే నెగ్గింది. కుడికంట్లో నీళ్లు కలిపిన రసం, ఎడమకంట్లో నెత్తురు తేట కలిపిన రసం ఒక్కో చుక్క పడ్డాయి.

అందరూ టీ తాగారు. సుంకమ్మ తాగలేదు. కాసేపటికి ఆరీఫాకు బోనులోని కుందేళ్లు కుడికంటికి మసకబారాయి. రేకుల మీద నుంచి పడే ఎండ ఆ కంట్లో గుచ్చుకుంది. సువార్త టార్చి వేసి సీఐని దగ్గరికి పిలిచింది. కుడి కంటిపాప నల్లని రేగుపండంత అయింది, వెలుగు పడినా కదల్లేదు. ఎడమ కంటిపాప ఆవగింజలా ముడుచుకుంది.

"విషాన్ని ఆ నెత్తురు తినేసింది సార్" అంది సువార్త. "ఈ కుందేలు మాంసంలో మనిషిని చంపేటంత ఉమ్మెత్త ఉండే వీల్లేదు."

సీఐ టార్చి ఆర్పాడు. మొండివాడే కానీ తెలివితక్కువ వాడు కాదు.

"సరే. మాంసంలో లేదు. అట్లంటే కూరలో ఎవరో కలిపినారు. వండింది ఎవురు? గిన్నె కడిగింది ఎవురు?" ఆరీఫా వైపు తిరిగాడు. "ఇంతదాకా ఇది పొరపాటు కేసు. నువ్వు వచ్చి దీన్ని హత్య కేసు చేస్తివి."

ఆ మాట ఆరీఫాకు సూటిగా తగిలింది. విడిపించడానికి వచ్చి ఉరి బిగించింది. సుంకమ్మ మాత్రం తల ఊపింది, తనకు తగిన శిక్ష ఇప్పటికి ఖాయమైనట్టు.

ఎండ భరించలేక ఆరీఫా కుడికన్ను మూసుకుని, హ్యాండ్‌బ్యాగులో నుంచి నల్ల కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. సుంకమ్మ ఆమెను కాసేపు చూసింది.

"ఒక కన్ను మూసుకుని సూస్తాండావు. రామప్పన్న గూడా అంతే సూసె, పెద్దాయన పోయిన దినం."

ఆమె అన్నది జాలిగానే. ఆరీఫా లేచి మంచం దగ్గరికి వెళ్లింది.

"అద్దాలు తీయండి రామప్ప గారూ."

"కలక మేడమ్. అంటుకుంటాది."

"అంటుకోనీలే."

రామప్ప సీఐ వైపు చూశాడు. సీఐ ఒక్క క్షణం ఆలోచించి, తనే చెయ్యి చాచి ఆ అద్దాలు తీసేశాడు. కలక వచ్చిన కన్ను ఎర్రగా ఉండాలి, పుసి కట్టాలి. రామప్ప కళ్లు కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. ఎడమ పాప మామూలుగానే ఉంది. కుడిది టార్చి వెలుగుకు కూడా ముడుచుకోలేదు. సీఐ ఆరీఫా అద్దాలు కూడా దించమన్నాడు. ఆ కన్ను చూశాడు, ఈ కన్ను చూశాడు.

"ఫారంలో ఆకు తగిలింటాది" అన్నాడు రామప్ప.

"ఆకు కోసేది సుంకమ్మ. దినామూ కోస్తాంది. ఆమె కళ్లకు ఏం కాలేదు" అంది ఆరీఫా. "మీకు తగిలింది ఆకు కాదు, గింజ. ఎండుమిరపకాయలతో కలిపి దంచినారు. మిరపఘాటుకు కన్ను నలుపుకోకుండా ఎవరుంటారు? నలుపుకున్న చేతికి ఉమ్మెత్త పొడి అంటుకుని ఉంది. అది వారం పది రోజులైనా వదలదు."

బీడు మొత్తం సోలార్ పలకలకు కౌలుకు ఇచ్చేద్దామని రామప్ప, కుందేళ్లను తీసేది లేదని గోవిందప్ప ఏడాదిగా కొట్లాడుకుంటున్నారని హేమావతి చెప్పిన సంగతి ఆరీఫా సీఐ ముందు పెట్టింది. పుస్తకంలో చదివినదాంట్లో అతను బయటికి చెప్పింది సగమే. ఉమ్మెత్త మేసిన కుందేలును తింటే మనిషి చస్తాడన్న ముక్క రామప్పకు పనికొచ్చింది. ముందు సుంకమ్మ చేత ఆకు వేయించాడు, ఆ తరువాత పొడి తెచ్చాడు. నేరం కుందేలు మీదికి, కుందేలు నుంచి సుంకమ్మ మీదికి దానంతటదే పోతుంది. అయితే ఏ కుందేలు నెత్తురు ఎలాంటిదో అతనికి తెలియదు. బాగా బలిసిందని చూపించి, విషాన్ని అందరికంటే బాగా తుంచేసే దాన్నే కోయించాడు.

చెబుతూ చెబుతూ ఆరీఫా ఆగిపోయింది. మసక కంటికి మంచం మీది క్యారియరు వెండిముద్దలా మెరుస్తోంది. రొట్టె, పొడి తెచ్చినా. ఈ పొద్దన్నా తిను.

రామప్ప చెయ్యి కూడా అప్పుడే అటు కదిలింది. సీఐ చెయ్యి ముందు పడింది.

మూత తీశారు. పైగిన్నెలో ఎర్రటి చెనిక్కాయల పొడి ఉంది. సువార్త దాన్ని తెల్లకాగితం మీద పరిచి, సూదిమొనతో నలగని గింజలను పక్కకు తీసింది. మిరపగింజలు గుండ్రంగా, పసుపుగా ఉన్నాయి. వాటి మధ్య గోధుమరంగువి కొన్ని, చెవి ఆకారంలో వంకరగా ఉన్నాయి. ఆ పొడి తిని ఉంటే, చేసిన పాపానికి తాళలేక సుంకమ్మ ఉమ్మెత్త తిని చచ్చిపోయిందని సాయంత్రానికి ఊరంతా అనుకునేది. సీఐ కూడా అదే రాసి ఫైలు మూసేవాడు. ఆ సంగతి ఆయనకు అర్థమైనట్టుంది. కాగితం మీది నుంచి తల ఎత్తలేదు.

"ఐదు దినాలుగా ఈ కూడు ముట్టలేదు గదా, ఎందుకు?" అని సుంకమ్మను అడిగాడు, గొంతు తగ్గించి.

"పెద్దాయన్ను సంపి, ఆయన తమ్ముని ఇంటి కూడు ఏ మొహం పెట్టుకుని తినేది సార్?"

లేని తప్పుకు వేసుకున్న శిక్షే ఆమె ప్రాణం నిలిపింది.

రామప్పను జీపెక్కించారు. అతను ఒక కన్ను చికిలించి వెలుతురులోకి చూస్తూ పోయాడు, సుంకమ్మ వైపు మాత్రం చూడలేదు. ఆరీఫా రాయదుర్గానికి ఫోన్ చేసి హేమావతికి విషయం చెప్పింది. సుంకమ్మకు తినడానికి ఏమైనా తెమ్మంది, తన చేత్తో వండిందే తెమ్మంది.

ఫోన్ పెట్టేసి చూస్తే సుంకమ్మ షెడ్డు ముందు లేదు. తుమ్మచెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని, తవ్విన గుంటలో కుందేలు పిల్లలను మళ్లీ చీర ముక్కలో చుడుతోంది. కేసు నుంచి విడుదలైన మనిషి మొహంలా లేదు ఆ మొహం.

ఆరీఫా పక్కన కూర్చుని, నీ తప్పేమీ లేదని తేలిపోయింది గదా అంది.

"పెద్దాయన సంగతి తేలిందమ్మా. ఈటిని సంపింది మటుకు నా చేతి మేతే గదా" అంది సుంకమ్మ.

కాదని చెప్పడానికి ఆరీఫా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఒక కన్ను మూసుకుని, తను తవ్వించిన మన్నును తన చేతులతోనే గుంటలోకి తోయడం మొదలుపెట్టింది.